143 సంతకాలు లేవు, ఆడిటర్లు వస్తున్నారు

ప్రశ్న: అమ్మా, చెన్నైలో ఒక స్వచ్ఛంద సంస్థలో అకౌంట్సు, స్టోర్సు రెండూ నేనే చూస్తాను. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానప్పుడు విదేశీ డోనర్ ఇచ్చిన డబ్బుతో బియ్యం, పప్పు, చాప, సబ్బులున్న 1,200 కిట్లు కొని పంచాం. కిట్టు 1,150 రూపాయలు. 1,020 మందివి సంతకాలో వేలిముద్రలో ఉన్నాయి. పెరుంబాక్కం హౌసింగ్ బోర్డులో రెండు బ్లాకుల్లో పంచిన 143 కిట్ల జాబితా మాత్రం వానలో తడిసి ముద్దయింది. కొన్ని సంతకాలు కరిగిపోయాయి, కొన్ని చీకట్లో అసలు పెట్టించనే లేదు. వలంటీర్లు కొందరి ఆధార్ కార్డులు ఫోన్లో ఫోటో తీశారు. మిగిలిన 37 కిట్లలో 20 ఆ వార్డు నాయకుడి మనుషులు పట్టుకుపోయారు, 11 తడిసి పాడయ్యాయి, 6 ఏమయ్యాయో తెలియదు. సరుకు ఇచ్చింది మా డైరెక్టర్‌గారి బావమరిది, ఆ హడావుడిలో కొటేషన్లు తీసుకోలేదు. వచ్చే నెల డోనర్ తరఫున ఆడిటర్లు వస్తున్నారు. "వలంటీర్లను కూర్చోబెట్టి కొత్త జాబితా మీద సంతకాలు పెట్టించెయ్, ఎటూ ఇచ్చాం కదా, ఇందులో అబద్ధమేముంది?" అంటున్నారు డైరెక్టర్‌గారు. తడిసిన కాగితాలు పారేయమన్నారు. పారేయలేక సంచిలో కట్టి అటక మీద పెట్టాను. నిజంగానే ఇచ్చాం అమ్మా, నేనే మెట్లెక్కి ఇచ్చాను. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, వేళచ్చేరి

జవాబు: పెట్టించకండి. మిగతాదంతా తీరిగ్గా మాట్లాడుకుందాం గానీ ఈ ఒక్కటీ ముందే చెప్పేస్తున్నాను.

"ఎటూ ఇచ్చాం కదా" అన్న మాట వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఆడిటర్‌గా నా సర్వీసులో చాలాచోట్ల విన్నాను. అన్నవాళ్ళలో దొంగలు తక్కువ. రెండ్రోజులు నిద్ర లేకుండా నడుములోతు నీళ్ళలో తిరిగినవాళ్ళే ఎక్కువ. అందుకే ఆ మాటకు జవాబు చెప్పడం కష్టం.

సునామీ మరుసటి ఏడాది, 2005లో, సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో ఒక సంస్థ స్టోరు లెక్కలు చూడ్డానికి వెళ్ళాను. దుప్పట్లు, వంటపాత్రలు పంచిన జాబితా. 86 వేలిముద్రలు. ప్రతిదీ గడి మధ్యలో, ముచ్చటగా, ఒక్కటి కూడా గీత దాటకుండా ఉంది. అనుమానం వచ్చింది అక్కడే. వేలిముద్ర వేసేవాళ్ళు ఎక్కువమంది పెద్దవాళ్ళు. చెయ్యి వణుకుతుంది, ఇంకు ఎక్కువై అలుక్కుపోతుంది, సగం ముద్ర పక్కవాళ్ళ గడిలో పడుతుంది. భూతద్దం పెట్టి చూస్తే ప్రతి ముద్రలోనూ ఒకేచోట ఏటవాలుగా సన్నటి తెల్లగీత. పాత కత్తిగాటు. కాసేపటికి స్టోర్‌కీపర్ టీ తెచ్చి ఇచ్చాడు. గ్లాసు పట్టుకున్న బొటనవేలు చూశాను. నేను చూడటం ఆయనా చూశాడు.

తర్వాత ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగాం. 81 ఇళ్ళలో ఆ దుప్పట్లు ఉన్నాయి, ఆ గిన్నెల్లోనే చేపల పులుసు ఉడుకుతోంది. మిగతా అయిదు కుటుంబాలు ఊరు విడిచి వెళ్ళిపోయాయి. అంటే సరుకు చేరింది. అయినా డోనర్ ఆ ఖర్చు మొత్తం ఒప్పుకోలేదు, వెనక్కి కట్టించుకున్నారు. ఆయన ఉద్యోగం పోయింది. ఎందుకు చేశావయ్యా అంటే, "వంద శాతం సంతకాలు లేకపోతే బిల్లు పాస్ కాదని హెడ్డాఫీసు నుంచి ఫోను మీద ఫోను, మేడమ్" అన్నాడు. ఆ హెడ్డాఫీసు మీద నాకు ఇప్పటికీ కోపమే.

మీ విషయానికొస్తే, ఆడిట్‌లో సంతకం లేకపోవడం ఒక దారి, లేని సంతకం పుట్టించడం ఇంకో దారి. మొదటిదాన్ని డాక్యుమెంటేషన్ లోపం అంటారు. వివరణ అడుగుతారు, ప్రత్యామ్నాయ ఆధారం చూపించమంటారు, మహా అయితే కొంత మొత్తం ఖర్చుగా ఒప్పుకోరు. మీ 143 కిట్లకు లెక్క వేస్తే 1,64,450 రూపాయలు. చిన్న మొత్తమని అనను, కానీ సంస్థ తట్టుకోగలిగిందే. రెండోది ఫ్రాడ్. అది విచారణ వాళ్ళ దగ్గరికి పోతుంది, మిగతా డోనర్ల చెవినా పడుతుంది, దొంగ సంతకం క్రిమినల్ కేసు కూడా. పైగా, ఆడిటర్ శాంపిల్‌గా తీసిన పాతిక పేర్లలో ఒక్క దొంగ ముద్ర దొరికినా నిజంగా పెట్టిన ఆ 1,020 సంతకాలకూ విలువ ఉండదు. పెట్టేది ఎవరు? కాలేజీ పిల్లలు. జాబితా తయారుచేసింది ఎవరు? మీరు. కేసంటూ అయితే డైరెక్టర్‌గారి నోటిమాటకు సాక్ష్యం ఉండదు.

సరే, ఏం చేయాలి? ముందు ఒకే ఒక్క కాగితం మీద సరుకు లెక్క రాయండి. కొన్నవి 1,200. సంతకంతో ఇచ్చినవి 1,020. సంతకం లేకుండా ఇచ్చినవి 143. పట్టుకుపోయినవి 20. పాడైనవి 11. తెలియనివి 6. మొత్తం సరిపోయింది చూశారా? ఇలా సరిపోయే లెక్క నేను చూసిన తుపాను ఫైళ్ళలో అరుదు. ఆ ఆరింటినీ తీసుకెళ్ళి తడిసినవాటిలో కలిపేసి 17 అని రాయాలని ఎవరికైనా అనిపిస్తుంది. రాయకండి. 6,900 రూపాయల నష్టం ఆరుగానే ఉండనివ్వండి. తడిసిన పదకొండింటినైనా ఎప్పుడు, ఎవరి ఎదుట పారేశారో, ఫోటో ఉందో లేదో రాయాలి. ఫోటో లేకపోతే లేదనే రాయాలి.

ఆ తర్వాత 143 ఇళ్ళు. పెరుంబాక్కం బ్లాకులు నాకు తెలుసు. ఎనిమిదంతస్తులు, కరెంటు పోతే లిఫ్టు లేదు. మీరు ఏ వెలుతురులో ఎక్కారో ఊహించగలను. అయినా ఇప్పుడు ఆ ఇళ్ళకు మీరు వెళ్ళకూడదు. పంచినవాళ్ళే మళ్ళీ వచ్చి "మేం ఇచ్చాం కదండీ" అంటే కాదనేదెవరు? పంపిణీలో లేనివాళ్ళు ఇద్దరు వెళ్ళాలి, ఒకరు ఆడమనిషై ఉండాలి. ఇంకో ప్రాజెక్టు స్టాఫ్ అయినా సరే, ట్రస్టీల్లో ఒకరైనా సరే. తమిళం వచ్చినవాళ్ళు ఎలాగూ ఉంటారు. ఆ బ్లాకుల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలుంటే తెలుగు వచ్చినవాళ్ళను పంపండి. ఇళ్ళల్లో పనికీ, పారిశుధ్య పనికీ వెళ్ళేవాళ్ళు తెల్లారకముందే బయల్దేరతారు కాబట్టి సాయంత్రం ఆరు తర్వాతో, ఆదివారమో వెళ్ళాలి.

అడిగే తీరు ముఖ్యం. "మా సంస్థ బియ్యం ఇచ్చిందా?" అని అడిగితే అందరూ ఇచ్చిందనే అంటారు, రేపు మళ్ళీ తుపాను వస్తే మీరే రావాలి కదా. "అప్పుడు ఎవరెవరు ఏమేం ఇచ్చారమ్మా?" అని అడిగి ఊరుకోవాలి. ఆ నెలలో ప్రభుత్వం రేషన్ షాపుల్లో 6,000 రూపాయలు నగదు ఇచ్చింది, పార్టీలవాళ్ళు పొట్లాలు ఇచ్చారు, చర్చివాళ్ళు దుప్పట్లు ఇచ్చారు. అంతా కలగలిసి ఉంటుంది. అందులోంచి "నీలం చాప, కందిపప్పు, రెండు సబ్బులు, ఎవరో అమ్మాయి సెల్ టార్చి పట్టుకుని వచ్చింది" అని దానంతటది బయటికొస్తే అది సంతకం కంటే గట్టి ఆధారం. కొందరు రాలేదంటారు. పన్నెండు మంది రాలేదంటే పన్నెండు అనే రాయండి. నూటికి నూరూ అవునన్న నివేదిక నా చేతికి వస్తే నేనైతే మొదట దాన్నే అనుమానిస్తాను.

చివర్లో, ఆడమనిషి ఆడమనిషినే విడిగా ఒక ప్రశ్న అడగాలి. కిట్టు ఇచ్చినందుకు ఎవరైనా డబ్బుగానీ, మరేదైనా గానీ అడిగారా? సాయానికి బదులుగా శరీరాన్ని అడగడం నిషిద్ధమని ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్ 2003లోనే లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చారు. డోనర్ ఒప్పందాల్లో ఆ షరతు ఎక్కడో ఒక పేజీలో ఉంటుంది, మీదాంట్లోనూ వెతకండి. నలభై రూపాయల ఆటో వోచరు ఏదమ్మా అని గుచ్చి గుచ్చి అడిగే మా ఆడిటర్లు చీకటి మెట్ల మీద ఏం జరిగిందని మాత్రం అడగరు. నేనూ చాలా ఏళ్ళు అడగలేదు.

ఈ కొత్త ఫారం మీద ఈరోజు తేదీ వేయండి. పైన "పంపిణీ జాబితా" అని కాకుండా "పంపిణీ తర్వాత చేసిన విచారణ" అని రాయండి. దీంతోపాటు ఆ రాత్రి మిగిల్చిన ఆనవాళ్ళు పోగుచేయండి. లారీ ట్రిప్ షీటు, గోడౌన్ చలాను, వలంటీర్ల వాట్సాప్ గ్రూపులో "ఈ బ్లాకుకి ఇంకా 22 కావాలి" లాంటి మెసేజీలు. స్క్రీన్‌షాట్లు కాకుండా చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయండి, ముందూ వెనకా ఉంటేనే ఎవరైనా నమ్ముతారు.

ఆధార్ ఫోటోలు ఆధారమే, కానీ చేతిలో నిప్పు కూడా. పదిమంది పిల్లల ఫోన్లలో పేదవాళ్ళ ఆధార్ నంబర్లు తిరుగుతున్నాయంటే 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం సంగతి అలా ఉంచండి, ఎవడో ఒకడు వాటితో అప్పు తీసుకుంటే? అన్నీ ఆఫీసులో ఒకేచోటికి తెప్పించి తాళం వేసి పెట్టండి. ఆడిటర్‌కి చూపించే ప్రతిలో చివరి నాలుగు అంకెలు తప్ప మిగతావి కనబడకుండా కొట్టేయండి. ఫోన్లలోంచి తీసేశామని పిల్లల దగ్గర రాయించుకోండి.

వార్డు నాయకుడి ఇరవై కిట్ల సంగతి. ఈ ఊళ్ళో 'వట్టం' మనుషుల, అంటే వార్డు స్థాయి పార్టీవాళ్ళ ముందు నిలబడి లారీ తలుపు మూయడం ఎంత కష్టమో నాకు తెలుసు. 2015 వరదల్లో ఇతర సంస్థల లారీలకు ఎదురైన అడ్డంకులూ విన్నాం. వాటిని పంచినట్టు చూపించకండి. ఏ తేదీన, ఏ వీధి మలుపులో, ఎంతమంది వచ్చి తీసుకెళ్ళారు, మీరు ఆ రాత్రి ఎవరికి ఫోన్ చేశారు, అంతే రాయండి. పార్టీ పేరు, మనిషి పేరు ఊహించి రాయొద్దు. ఈ 23,000 రూపాయలు డోనర్ ఖాతాలో వేయకుండా సంస్థే భరిస్తుందని మీరే ముందుగా చెబితే ఆడిటర్ గొంతు మారుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. విదేశీ విరాళం కదా అని, స్థానికంగా వసూలైన డబ్బు తెచ్చి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) ఖాతాలో వేసి సర్దేయకండి. ఆ ఖాతాలో వేరే డబ్బు కలవకూడదు. ఒక తప్పు దిద్దబోయి రెండోది చేసినవాళ్ళను చూశాను. ఎలా సర్దాలో ఎఫ్‌సీఆర్‌ఏ పని తెలిసిన సీఏని అడిగే చేయండి. పనిలో పనిగా, కిట్లు పంచడానికి మధ్యలో ఏదైనా చిన్న సంస్థకు అప్పజెప్పారా అన్నదీ ఆయనకు చెప్పండి. 2020 సవరణ తర్వాత విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు. వాళ్ళు మీకు మనుషుల సాయం మాత్రమే చేశారా, సరుకే వాళ్ళ చేతికి వెళ్ళిపోయిందా అన్న తేడా ఆయన తేల్చాలి.

బావమరిది విషయంలో నేను మీ డైరెక్టర్‌గారి పక్షాన కూడా కొంత మాట్లాడతాను. తుపాను తీరం దాటింది మన బాపట్ల దగ్గర, ముంచింది మాత్రం చెన్నైని. ఆ వారం ఇక్కడ పాల ప్యాకెట్ దొరకడమే గగనమైంది, మూడు కొటేషన్లు ఎవరిస్తారు? అత్యవసరంలో కొటేషన్లు లేకుండా కొనుక్కోవచ్చని చాలామంది డోనర్ల నిబంధనల్లోనే ఉంటుంది. కాకపోతే ఎందుకు కొన్నామో అప్పుడే రాసి, ఆ అమ్మకందారుతో చుట్టరికం లేని మనిషి చేత ఒప్పించుకోవాలి. మీరు రాయలేదు. ఇప్పుడు రాయండి, ఇవాళ్టి తేదీతో. అదే వారంలో వేరే దుకాణాల్లో బియ్యం, పప్పు ఏ ధరకు అమ్మారో బిల్లులు సంపాదించండి. పక్క సంస్థలవాళ్ళు ఇస్తారు. నవంబర్ ధరలతో పోల్చి బావమరిదిని దొంగను చేయడం అన్యాయం. అలాగని దాచడమూ కుదరదు. ట్రస్టీలకు, మేనేజర్లకు దగ్గరి బంధువులైనవాళ్ళకు, అందులో భార్య తోడబుట్టినవాడూ వస్తాడు, ట్రస్టు ఎక్కువ ధర కట్టిందని తేలితే ఆదాయపన్ను మినహాయింపుకే ముప్పు. చుట్టరికం ఉందని డైరెక్టర్‌గారు ఒక కాగితం మీద రాసి సంతకం పెడితే సగం గొడవ అక్కడే తీరుతుంది. హమాలీల కూలి మేస్త్రీకి ఒకే రోజు 10,000 దాటి నగదుగా ఇచ్చి ఉంటే, పన్ను లెక్కలో అదీ అడ్డొస్తుంది కాబట్టి, దాన్నీ బయటపెట్టండి.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి. మీ ఉత్తరంలో మొదటి వాక్యం చూసుకోండి. "అకౌంట్సు, స్టోర్సు రెండూ నేనే చూస్తాను." చివరి వాక్యాల్లో "నేనే మెట్లెక్కి ఇచ్చాను." అంటే బిల్లు కట్టింది, సరుకు దింపుకున్నది, దాచింది, పంచింది, లెక్క రాసింది ఒకే మనిషి. ఆడిటర్ రాసే మొదటి అబ్జర్వేషన్ సంతకాల గురించి కాదమ్మా, మీ గురించి. ఆ ఆరు కిట్లు పోయాయంటే వేలు మొదట మీవైపే చూపిస్తారు. మీరు తీశారని కాదు, తీయలేదని చెప్పడానికి ఇంకొకరు లేరు కాబట్టి. తప్పంతా సంస్థది అని కూడా అనలేను. 2020లో విదేశీ విరాళాల మీద పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది. అప్పుడు చాలాచోట్ల మొదట కోత పడింది అకౌంట్సు మనుషుల మీదే. కొత్త మనిషిని పెట్టుకోలేకపోతే కనీసం స్టాక్ రిజిస్టర్ ఇంకో ప్రాజెక్టువాళ్ళు రాయొచ్చు, నెలకోసారి ఒక ట్రస్టీ చెప్పాపెట్టకుండా వచ్చి గోడౌన్లో మూటలు లెక్కపెట్టొచ్చు. దీనికి పైసా ఖర్చు లేదు. ఆడిట్ రాకముందే ఈ మార్పు చేసి తేదీతో సహా చూపించండి.

డైరెక్టర్‌గారితో ఎలా చెప్పాలి? ఉద్యోగం పోతుందేమోనని మీరు రాయకపోయినా తెలుస్తూనే ఉంది. తగువు పెట్టుకోకండి. పక్కన ఎవరూ లేనప్పుడు ఆ 1,64,450 అంకె చూపించి, "సార్, పోతే ఇంత పోతుంది, కొత్త జాబితా పెడితే మొత్తం 13,80,000 పోతుంది" అని చెప్పండి. చాలామంది డైరెక్టర్లకు నీతి కంటే ఈ తీసివేత త్వరగా అర్థమవుతుంది. ఆ సాయంత్రమే ఒక మెయిల్: "ఈరోజు మాట్లాడుకున్నట్టు, 143 కుటుంబాలకు కొత్తగా సంతకాలు తయారుచేయడం లేదు. విచారణ ఫారాలు, తడిసిన అసలు జాబితా, సరుకు లెక్క ఆడిటర్లకు ఇస్తున్నాం. మార్పులేమైనా ఉంటే చెప్పగలరు." అంతకు మించి ఒక్క ముక్క ఎక్కువ వద్దు. ఆయన మెత్తబడితే, ఆడిటర్లు రాకముందే డోనర్ ప్రోగ్రాం ఆఫీసర్‌కి ఆయన చేతే ఫోన్ చేయించండి. ముందుగా చెప్పినదాన్ని సమస్య అంటారు, వాళ్ళు కనిపెట్టినదాన్ని దాపరికం అంటారు. మెత్తబడకపోతే ట్రస్టీల్లో కాస్త వినేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. అదీ కాకపోతే, అనుమానాలు తెలపడానికి చాలా ఒప్పందాల్లో చివర ఒక చిరునామా ఉంటుంది. అది చివరి మెట్టు, కానీ ఉందని తెలిసి ఉండటం మంచిది.

అక్టోబర్ వస్తే మళ్ళీ వానలే, కాబట్టి ఇంకొక్క చిన్న విషయం. మీ సంతకాలు కరిగిపోయాయంటే బహుశా జెల్ పెన్నులు వాడి ఉంటారు. వాటిలో చాలావాటి సిరా నీళ్ళలో కలిసిపోతుంది. మామూలు బాల్‌పాయింట్ పెన్ను అంత తేలిగ్గా కరగదు. ఈసారి బాల్‌పాయింట్లు, జాబితాకు జిప్ కవరు, చింపి ఇచ్చే నంబరు టోకెన్లు కొనిపెట్టుకోండి. సంతకం పెట్టించలేని పరిస్థితి వస్తే ఇద్దరు సాక్షులు, తలుపు నంబరు, ఫోటో చాలని డోనర్ దగ్గర ఇప్పుడే రాతపూర్వకంగా ఒప్పించుకోండి.

ఇక ఆ సంచి. బాల్‌పాయింట్‌తో పెట్టినవి ఒకటీ అరా ఉంటే అవి ఇంకా చదవడానికి వస్తాయి, అందుకని ఈరోజే అటక మీంచి దించండి. విప్పేటప్పుడు ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. మూటను మూటగానే ముందు ఫోటో తీయండి. అతుక్కుపోయిన పేజీలు లాగితే చిరుగుతాయి, లాగకండి. విడివడినంత వరకు విడదీసి, ఫ్యాను కింద కాకుండా నీడలో గుడ్డ మీద పరిచి, పూర్తిగా ఆరాక ఒక్కో కాగితాన్ని పారదర్శక కవర్లో పెట్టి నంబరు వేయండి. పేర్లు కనిపించినవి ఎన్ని, గడి ఖాళీగా ఉన్నవి ఎన్ని, ముద్దయిపోయినవి ఎన్ని అని లెక్కపెట్టి నాకు మళ్ళీ రాయండి.